నియమం రాసేదెవరు?

"నువ్వు చేసిన పనే అందరూ చేస్తే ఏమవుతుంది?" బడిలో పనిచేసేవాళ్లలో ఈ మాట అననివాళ్లు ఉండరు. గోడ మీద బొగ్గుతో గీసినవాణ్ణి, బోరింగు దగ్గర వరుస తప్పినవాణ్ణి, భోజనాల వేళ రెండో గుడ్డు జేబులో వేసుకున్నవాణ్ణి ఇదే ప్రశ్నతో ఆపుతాం. పిల్లవాడు తల దించుకుంటాడు. ఎవరూ వాడికి తత్త్వశాస్త్రం చెప్పలేదు, అయినా తనకొక నియమం, మిగతావాళ్లకొక నియమం పెట్టుకున్నానని వాడికి తెలిసిపోతుంది.

ఈ ప్రశ్న వెనక నీతిశాస్త్రంలో పేరున్న సూత్రం ఒకటి ఉంది. దాన్ని సార్వత్రికతా సూత్రం అనవచ్చు. నువ్వు చేసే పనికి ఒక కారణం చెప్తే, అదే కారణం, అదే పరిస్థితి ఉన్న ప్రతి మనిషికీ అది వర్తిస్తుందని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేకపోతే నువ్వు చెప్పింది కారణం కాదు, సాకు.

ఇప్పుడు ఇదే ప్రశ్నను పెద్దవాళ్లు మన మీదికి తెస్తున్నారు. "దేశంలో అందరూ సమానమే కదా, మీకు మాత్రం వేరే చట్టం ఎందుకు? ప్రతి కులం, ప్రతి ఊరు ఇలాగే అడిగితే ఏమవుతుంది?" కాలేజీ హాస్టల్లో, కోచింగ్ సెంటర్లో, ఫోనులో మన పిల్లలకు ఈ మాట ఎదురవుతోంది. చాలామంది జవాబు చెప్పలేక కోపం తెచ్చుకుంటున్నారు. కొందరు, సూత్రాలన్నీ మైదానం వాళ్లవే, వాటితో మనకేం పని అంటున్నారు. నేను ఆ రెండు దారులూ పట్టను. సూత్రం మంచిదే. దాన్ని వాడే తీరులోనే రెండు తప్పులు జరుగుతున్నాయి. వాటిని పట్టుకుంటే సూత్రం మన చేతికి వస్తుంది. వచ్చాక అది మనల్ని కూడా ప్రశ్నిస్తుంది. ఆ ప్రశ్నకూ మనం సిద్ధంగా ఉండాలి.

సూత్రం బలం ఎక్కడుంది

ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టినవాడు ఇమాన్యుయేల్ కాంట్. 1724లో పుట్టి 1804లో పోయాడు. అప్పటి ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ పట్నంలో విశ్వవిద్యాలయ ఆచార్యుడు. 1785లో నీతికి పునాది ఏమిటో వెతుకుతూ చిన్న పుస్తకం ఒకటి రాశాడు. ప్రతి పని వెనకా, పైకి చెప్పినా చెప్పకపోయినా, ఒక నియమం ఉంటుందని అందులో అంటాడు. ఆ నియమాన్ని బయటికి తీసి, ఇది అందరికీ చట్టమైతే బాగుండునని నేను కోరుకోగలనా అని అడుగు. కోరుకోలేకపోతే ఆ పని చేయకు.

ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మనకు బాగా తెలిసినదే. ఒకడికి డబ్బు అవసరం పడింది. తిరిగి ఇవ్వలేనని తెలుసు. అయినా ఇస్తానని మాట ఇచ్చి అప్పు తీసుకుంటాడు. వాడి నియమం ఇదీ: అవసరం పడితే అబద్ధపు మాట ఇచ్చి అప్పు చేయవచ్చు. అందరికీ ఇదే నియమమైతే మాటకు విలువ పోతుంది. ఎవరూ ఎవరినీ నమ్మరు, అప్పు అసలే పుట్టదు. అందరూ మాట నిలబెట్టుకుంటేనే వాడి అబద్ధం చెల్లుతుంది. అందరూ పాటించే నియమం నుంచి తానొక్కడే తప్పించుకోవాలని చూస్తున్నాడు. వాడి తప్పు అది.

ఇది మనకు కొత్త కాదనిపించవచ్చు. తిక్కన భారతంలో పిల్లలకు నేర్పే పద్యం ఒకటుంది. ఇతరులు ఏం చేస్తే మన మనసుకు బాధ కలుగుతుందో అది మనం ఇతరులకు చేయకపోవడమే ధర్మం అని దాని భావం. రెండూ దగ్గరివే కానీ ఒకటి కావు. ఆ పద్యం నా మనసుకు ఏది బాధో చూడమంటుంది. కాంట్ సూత్రం నా కారణం అందరికీ నిలుస్తుందా అని చూడమంటుంది. నేరస్తుడు న్యాయమూర్తితో, మీకు శిక్ష వేస్తే మీకు బాధ కదా, నాకెందుకు వేస్తారు అనవచ్చు. ఈ చిక్కును కాంట్ స్వయంగా ఎత్తి చూపాడు. నా ఇష్టాయిష్టాలు కొలత కాకూడదని ఆయన పట్టుదల.

మన పెద్దలకు కూడా ఈ సంగతి తెలుసు. పంచాయితీలో తన కొడుక్కి ఒక తీర్పు, పక్కింటివాడి కొడుక్కి ఇంకో తీర్పు చెప్పే పటేల్ మాట మళ్లీ ఎవరూ వినరు. అతను ఏ పుస్తకం చదవకపోయినా, వినేవాళ్లు ఏ పుస్తకం చదవకపోయినా, అందరి మనసులో ఉన్న కొలత ఇదే. అందుకే సూత్రం పరాయిదని తోసేయడం నాకు ఇష్టం లేదు.

మొదటి తప్పు: అందరికీ వర్తించడం, అందరికీ ఒకేలా ఉండటం

ఈ రెండు మాటలూ వినడానికి ఒకటిగానే ఉంటాయి. తేడా మాత్రం చాలా ఉంది. మన గోండుల పెళ్లి నియమాన్నే చూడండి. నాలుగు దేవతలవాళ్లు, ఐదు దేవతలవాళ్లు, ఆరు, ఏడు దేవతలవాళ్లు అని మనకు సగలున్నాయి. ఎవరి సగలో వాళ్లు పెళ్లి చేసుకోకూడదు. ఇది ఒక్కటే నియమం, అందరికీ వర్తిస్తుంది. అయినా దాని ఫలితం ఒక్కొక్కరికి ఒక్కో రకం. నాకు పెళ్లి కూడని ఇల్లు వేరు, మా వియ్యంకుడికి కూడని ఇల్లు వేరు. "అందరికీ ఒకే నియమం కదా, మరి నీకు కూడని ఇల్లు నాకెందుకు కుదురుతుంది?" అని అడిగేవాణ్ణి మన గూడెంలో చిన్నపిల్లలు కూడా చూసి నవ్వుతారు.

ఈ తేడాను ఇంగ్లండు తత్త్వవేత్త ఆర్.ఎం. హేర్ వివరంగా చెప్పాడు. 1963లో వచ్చిన 'ఫ్రీడమ్ అండ్ రీజన్' అనే పుస్తకంలో ఆయన నియమం సార్వత్రికంగా ఉండటం వేరు, మొరటుగా ఉండటం వేరు అంటాడు. మొరటు నియమం అంటే పరిస్థితులేవీ పట్టించుకోనిది. "ఎప్పుడూ అబద్ధం ఆడకూడదు" అన్నది అలాంటిది. "ప్రాణం తీయడానికి వెంటపడినవాడు దారి అడిగితే తప్ప అబద్ధం ఆడకూడదు" అంటే నియమం సూక్ష్మమైంది, కానీ సార్వత్రికతను కోల్పోలేదు. ఎందుకంటే అందులో ఎవరి పేరూ లేదు. ఆ పరిస్థితి వచ్చిన ఎవరికైనా అది వర్తిస్తుంది. నియమంలో ఎన్ని వివరాలైనా ఉండవచ్చు. ఫలానా మనిషికి, ఫలానా ఊరికి, ఫలానా కులానికి అని పేరు పెట్టి తప్పించడం మాత్రం కూడదు.

మన బడి నుంచే ఉదాహరణ తీసుకుందాం. దసరాకు రాష్ట్రమంతా రోజుల తరబడి సెలవులు. మా ఉట్నూరు వైపు గోండు గూడేల్లో పెద్ద పండగ దండారి. దీపావళికి ముందు రోజుల తరబడి గుస్సాడీలు ఊరూరూ తిరుగుతారు, ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి విడిదికి పోతారు. పిల్లలు బడిలో ఉండరు. హాజరు పట్టికలో వాళ్ల పేర్ల ఎదుట గైర్హాజరు పడుతుంది. "క్యాలెండరు అందరికీ ఒక్కటే, ఈ పిల్లలకే చదువంటే శ్రద్ధ లేదు" అని రాసేస్తారు. నిజానికి దసరా సెలవుల వెనక ఉన్న నియమం ఏమిటి? తమ సమాజపు పెద్ద పండగకు పిల్లలు ఇంటి దగ్గర ఉండాలి. చాలా మంచి నియమం. ఆ నియమాన్ని నిజంగా సార్వత్రికం చేస్తే దండారికి కూడా సెలవులు రావాలి. ఒకే క్యాలెండరు అన్నది ఆ నియమాన్ని ఒక సమాజానికి అమలు చేసి ఆపేసింది. చూడటానికి అది సమానత్వంలా ఉంటుంది. లోపల మాత్రం, అందరికీ ఉన్న నియమం నుంచి మన పిల్లల్ని తప్పించడమే జరిగింది.

రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమంటుంది. ఆ రాజ్యాంగంలోనే ఐదో షెడ్యూలు ఉంది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. సమానులను సమానంగా చూడాలి, తేడా ఉన్నచోట ఆ తేడాకూ చట్టం లక్ష్యానికీ సంబంధం ఉండాలి అని న్యాయస్థానాలు కూడా చాలా కాలంగా చెబుతున్నాయి. అందువల్ల "మీకు వేరే చట్టం ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం కాదు. ఏ కారణం వల్ల ఈ చట్టం మాకు వచ్చిందో అదే కారణం ఉన్న ఎవరికైనా ఇలాంటి చట్టం రావాలని మేం ఒప్పుకుంటాం. కారణమేమిటో చూద్దాం రండి అనాలి.

రెండో తప్పు: నియమాన్ని ఒకడు రాసి ఇంకొకణ్ణి పరీక్షించడం

కాంట్ పరీక్షలో ఒక మెట్టును చాలామంది గమనించరు. పరీక్ష పెట్టడానికి ముందు నియమాన్ని మాటల్లో రాయాలి. ఒకే పనిని పది రకాలుగా రాయవచ్చు. అడవి అంచున పోడు చేసుకుంటున్న మనిషిని చూసి "ప్రభుత్వ అడవిని ఆక్రమించవచ్చు" అన్నది అతని నియమమని రాస్తే, అందరూ అలాగే చేస్తే అడవి మిగలదు, అతను తప్పు చేసినట్టే. "తాతల కాలం నుంచి సాగు చేస్తున్న నేలలో తిండిగింజలు పండించుకోవచ్చు" అని రాస్తే, దేశంలో ఏ రైతూ దీన్ని కాదనడు. పని అదే, మనిషి అతనే. పేరు మారితే తీర్పు మారింది. 2006 అటవీ హక్కుల చట్టం తన ముందుమాటలోనే ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. అంతవరకు ఆక్రమణదారు అని రాసిన చోట హక్కుదారు అని రాయడానికి అన్నేళ్లు పట్టింది.

ఈ లోపాన్ని 1958లో ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ అనే తత్త్వవేత్త ఒక వ్యాసంలో సూటిగా ఎత్తి చూపింది. ఒక పనిని ఏ వర్ణనతో పరీక్షకు పెట్టాలో ముందు తేల్చకపోతే కాంట్ సూత్రం ఎందుకూ పనికిరాదని ఆమె వాదన. పనికిరాదనేంత దూరం నేను పోను. కానీ వర్ణన ఎవరి చేతిలో ఉందన్నది మనలాంటి వాళ్లకు ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న.

కాంట్ పుస్తకమే దీనికి సాక్ష్యం. ఆయన మూడో ఉదాహరణ ఇది. ఒకడికి మంచి ప్రతిభ ఉంది. దాన్ని పెంచుకునే శ్రమ పడకుండా సుఖంగా గడపాలనుకుంటాడు. ఇది అందరికీ నియమమైనా ప్రపంచం ఆగిపోదు, కానీ బుద్ధి ఉన్న మనిషి అలాంటి ప్రపంచాన్ని కోరుకోలేడు అంటాడు కాంట్. ప్రతిభను తుప్పు పట్టనిచ్చేవాళ్లు ఎలా ఉంటారో చెప్పడానికి దక్షిణ సముద్ర ద్వీపాలవాళ్లను చూపిస్తాడు. సోమరితనం, వినోదం, సంతానం, ఇంతే వాళ్ల జీవితం అన్నట్టు రాస్తాడు. అదే 1785లో మరో రచయిత పుస్తకాన్ని సమీక్షిస్తూ, తహితీ ద్వీపంలో ఆ సుఖజీవులకు బదులు గొర్రెలూ పశువులూ ఉన్నా తేడా ఏముంటుంది అనే అర్థం వచ్చేలా అడిగాడు.

కాంట్ ఆ ద్వీపాలను చూడలేదు. తన ప్రాంతం దాటి దూరం పోయినవాడే కాదు. భూగోళం పాఠం ఎన్నో ఏళ్లు చెప్పాడు, అదంతా ఇతరులు రాసిన యాత్రా పుస్తకాలు చదివి చెప్పిందే. ఆ ద్వీపాల నుంచే టుపైయా అనే మనిషి 1769లో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కాడు. నక్షత్రాలు, అలల తీరు, గాలులు చూసి సముద్రంలో దారి పట్టే విద్యలో ఆయన ఆరితేరినవాడు. యూరప్ వాళ్లు అప్పటికి చూడని ఎన్నో ద్వీపాలను చూపే పటం తయారు చేయించాడు. ఆ విద్య నేర్వడానికి ఏళ్లు పడుతుంది. దాన్ని ప్రతిభ తుప్పు పట్టడమని ఎవరైనా అంటారా? కాంట్ సూత్రం ఇక్కడ తప్పు కాలేదు. ఆ మనుషుల జీవితాన్ని వాళ్లను అడగకుండా రాసుకున్న వర్ణన తప్పయింది. తప్పు వర్ణనను సరైన సూత్రంలో పెడితే వచ్చేది తప్పు తీర్పే. పైగా దానికి సూత్రం బలం కూడా తోడవుతుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పదేళ్ల తర్వాత, 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన పుస్తకంలో ఇదే కాంట్ యూరప్ దేశాలను గట్టిగా తప్పుపట్టాడు. పరాయి నేలకు అతిథిగా పోయే హక్కు ఎవరికైనా ఉంది గానీ ఆక్రమించే హక్కు లేదని, అక్కడివాళ్లను లెక్కలోకే తీసుకోకుండా ఆ నేలలను ఎవరివీ కానట్టు చూశారని రాశాడు. అంటే ఆయన సూత్రమే ఆయన పాత మాటను దిద్దగలదు. అందుకే కాంట్‌ను పక్కన పడేయాలని నేననను. ఆయన మూడో ఉదాహరణను మాత్రం మన ఉపాధ్యాయులు జాగ్రత్తగా చదవాలి. "ఈ పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదు, తిని తిరగడమే కావాలి" అని స్టాఫ్ రూములో వినిపించే మాట ఆ ఉదాహరణకు దూరపు చుట్టమేమీ కాదు.

మన సొంత కేసు: జీవో నంబర్ 3

ఇప్పుడు మనకు బాగా నొప్పి ఉన్న చోటికి వద్దాం. 2000 జనవరి 10న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని దాని సారాంశం. హైకోర్టు మెజారిటీ తీర్పుతో దాన్ని నిలబెట్టింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కాపాడింది. నూరు శాతం రిజర్వేషన్ మిగతా అందరినీ పూర్తిగా బయట పెడుతుందని, రిజర్వేషన్‌కు యాభై శాతం హద్దు ఉందని, గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనుకోవడం సరికాదని తీర్పు సారం.

నేను ఆ జీవో కింద ఉద్యోగంలో చేరినవాణ్ణే. కాబట్టి ఇందులో నాకు స్వార్థం ఉంది. అలాంటప్పుడే ఈ సూత్రం అవసరం ఎక్కువ. నా లాభానికి అనుకూలమైన నియమాన్ని నేనే రాసి నేనే మార్కులు వేసుకోకూడదు.

తీర్పును సమర్థించేవాళ్ల ప్రశ్న ఇది: "ప్రతి జిల్లావాడూ మా బడిలో మావాడే టీచరు కావాలంటే దేశం ఏమవుతుంది?" సూత్రం ప్రకారం సరైన ప్రశ్నే. "మా బడిలో మావాడే" అన్నదే మన నియమమైతే మనం ఓడిపోయినట్టే. దాన్ని అందరికీ కోరుకోలేం. రేపు హైదరాబాదులో చదువుకున్న మన పిల్లవాడికి అక్కడ ఉద్యోగం దొరకదు.

అయితే మన నియమం అది కాదు. జీవో వెనక చెప్పిన కారణం ఏమిటంటే, బయటి నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఏజెన్సీ బడుల్లో నిలవడం లేదు, బడికి సరిగా రావడం లేదు. దానికి భాష కూడా చేరుతుంది. ఇంట్లో గోండి, కొలామీ, కోయ మాట్లాడే ఆరేళ్ల పిల్లకు తెలుగు వాచకం పరాయి భాషలో పాఠం. 1943లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది ఈ కారణంతోనే. పిల్లవాడికి తెలిసిన మాటతో మొదలుపెట్టగలవాడు, ఆ ఊళ్లో ఉండగలవాడు కావాలి. పేర్లన్నీ తీసేసి ఆ నియమాన్ని రాద్దాం: బడి భాష పిల్లల ఇంటి భాష కాని చోట, మామూలు నియామకాలతో టీచరు నిలవని చోట, ఆ భాష తెలిసి ఆ ఊళ్లో ఉండగలవాళ్లకే మొదట అవకాశం ఇవ్వాలి.

ఇందులో గోండు అన్న పేరు లేదు, గిరిజనుడు అన్న పేరు కూడా లేదు. ఇది అందరికీ చట్టమైతే ఎవరికి నష్టం? మైదానం తెలుగువాళ్లు కూడా ఈ నియమాన్ని ఒప్పుకుంటారు, తమ వంతు వచ్చినప్పుడు. ముంబై నగరపాలక సంస్థ వలస వచ్చిన తెలుగువాళ్ల పిల్లల కోసం తెలుగు మాధ్యమం బడులు నడిపింది. ఆ బడిలో తెలుగు రాని టీచరును వేయాలని ఏ తెలుగువాడూ అనడు. స్థానికులకు మొదట అవకాశం అన్న మాట కూడా మనం కనిపెట్టింది కాదు. ముల్కీ గొడవ, 1969 ఉద్యమం, 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు అన్నీ ఆ మాట మీదే నడిచాయి. తెలంగాణలో 2018 ఉత్తర్వు స్థానికులకు 95 శాతం పోస్టులు పెట్టింది. తెలంగాణ అడిగినప్పుడు న్యాయమైన కారణం, గూడెం అడిగినప్పుడు సంకుచితం ఎలా అవుతుంది? ఒకే కారణానికి రెండు పేర్లు పెడితే సార్వత్రికతను భంగం చేసింది మనం కాదు.

నియమం మన వైపు తిరిగినప్పుడు

ఇక్కడ ఆగిపోతే ఈ వ్యాసం మన వాదనకు కరపత్రం అవుతుంది. నియమం రాసుకున్నాం కాబట్టి దాన్ని మన మీద నడిపించి చూడాలి.

మొదటిది, ఆ జీవో మనం రాసుకున్న నియమం కన్నా చాలా వెడల్పుగా ఉంది. భాష అనే కారణం ఒకటో తరగతి బడికి ఎంత బలమో, పదో తరగతి భౌతికశాస్త్రానికి అంత బలం కాదు. 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలో ఉంటున్న కుటుంబమై ఉండాలన్న షరతును కూడా కోర్టు తప్పుపట్టింది. ఆ తేదీకీ టీచరు నోట్లోని భాషకూ నేరుగా సంబంధం లేదన్నది నిజం. ఆ పోస్టులు స్థానికుల జీవనాధారం, ఇతర తలుపులు మూసి ఉన్నవాళ్లకు తెరిచి ఉన్న ఒకే తలుపు అన్న ఇంకో కారణం కూడా మనకుంది. అది కూడా న్యాయమైనదే. కానీ అది వేరే నియమం. దాన్ని విడిగా రాసి విడిగా పరీక్షకు పెట్టాలి. రెండింటినీ కలిపి ఒక మూటగా ఎత్తుకుంటే, ఒకదాన్ని ప్రశ్నించగానే రెండోదాని వెనక దాక్కుంటాం. ఎదుటివాడు ఆ మూటనంతా ఒకేసారి పడగొడతాడు.

రెండోది ఇంకా కష్టమైనది. మన నియమం ప్రకారం భాష తెలిసి ఊళ్లో ఉండేవాడు కావాలి. గిరిజన కోటాలో వచ్చి, పట్నంలో ఇల్లు కట్టుకుని, బస్సు దొరికిన రోజు బడికి వచ్చే టీచరుకు ఈ నియమం నీడనివ్వదు. అతను గోండు అయినా ఇవ్వదు. పదేళ్లుగా గూడెంలోనే ఉండి గోండి నేర్చుకుని పాఠం చెప్పే మైదానం టీచరు ఉంటే, పేర్లు తీసేసిన నియమం అతన్ని కలుపుకుంటుంది. మనకు నచ్చినా నచ్చకపోయినా కలుపుకుంటుంది.

మూడోది కొలాం గూడెం. కొలాములను ప్రభుత్వం అత్యంత వెనుకబడిన ఆదిమ తెగల జాబితాలో పెట్టింది. వాళ్ల గూడెం బడికి చాలాసార్లు పోస్టింగ్ వచ్చేది గోండుకో, మరో పెద్ద తెగ మనిషికో. కొలాం పిల్లకు గోండి కూడా పరాయి భాషే. మైదానం టీచరుకు ఎదురుగా మనం ఏ కారణం చెప్పామో, అదే కారణాన్ని డీఎడ్ చదివిన కొలాం యువకుడు మన ఎదుట చెప్పగలడు. తోటి కూడా చెప్పగలడు. హేర్ ఇలాంటి చోట ఒక పని చేయమంటాడు. ఎదుటివాడి చోట నిన్ను నువ్వు పెట్టుకో, వాడి బతుకుతో, వాడి అవసరంతో సహా పెట్టుకో, అప్పుడు కూడా అదే నియమాన్ని ఒప్పుకుంటావేమో చూడు. నేను ఆ కొలాం యువకుడి చోట ఉంటే ఆ పోస్టు నాకే రావాలంటాను. కాబట్టి నా చోట ఉండి కూడా అదే అనాలి. "మనమంతా ఆదివాసులమే కదా" అన్న మాట ఉద్యమంలో ఎంత మంచిదైనా, ఇక్కడ జవాబు కాదు. "మనమంతా భారతీయులమే కదా" అని మనతో అనేవాళ్ల మాటకూ దీనికీ రూపం ఒకటే.

ఇది ఒప్పుకుంటే మన వాదన బలహీనపడుతుందని కొందరు మిత్రులు భయపడతారు. ఎదుటివాళ్లకు మనమే ఆయుధం ఇస్తున్నామంటారు. నాకు అలా అనిపించదు. మనకు లాభం ఉన్నచోట ఒకలా, నష్టం ఉన్నచోట ఒకలా మాట్లాడితే మన కారణాన్ని ఎవరైనా సాకు అని తేల్చేస్తారు. మనకు నష్టమైన చోట కూడా నిలబడిన కారణాన్ని సాకు అనడం ఎవరి వల్లా కాదు.

మన యువకులకు, తోటి ఉపాధ్యాయులకు నేను చెప్పేది ఇంతే. "అందరూ ఇలాగే అడిగితే?" అని ఎవరైనా అంటే ప్రశ్నను తోసేయకండి. "ఇలాగే అంటే ఎలాగో ముందు రాద్దాం" అనండి. రాసేటప్పుడు కలం వాళ్ల చేతిలోనే ఉండనివ్వకండి. మన పనికి మన మాటల్లో పేరు పెట్టండి. పేర్లు, కులాలు, ఊళ్లు తీసేసి కారణం మాత్రం మిగల్చండి. ఆ కారణం దేశంలో ఇంకెవరికి వర్తిస్తుందో వెతకండి, వాళ్లకూ ఇవ్వమని అడగండి. చివరగా, మనకన్నా చిన్న గూడెం వైపు తిరిగి, ఇదే కారణం చేతబట్టుకుని మన గడపకు ఎవరు వస్తారో చూడండి. వస్తే తలుపు తీయాలి. డీఎస్సీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. కొలాం గూడెం నుంచి డీఎడ్‌కు చదివే పిల్లలకు పుస్తకాలివ్వడం, పరీక్షకు తయారు చేయడం మాత్రం ఈ ఏడాదే మన చేతిలో ఉంది.